ఏడున్నది మరి? – కాపీ, పేస్ట్ మొదటి పాఠం

నల్లగొండలో మహిళా సంఘాల పుస్తకాలు రాసే అక్కాచెల్లెళ్లకు, కంప్యూటర్ కొత్తగా ముట్టుకుంటున్న పెద్దలకు ఒక శిక్షకురాలు చెప్పిన పాఠం ఇది. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం. మళ్లీ మళ్లీ వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.

అక్కలకు, చెల్లెళ్లకు, వెనక కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషులకు నమస్కారం.

మొదలు ఒక మాట. కాసేపు ఎవరూ మౌస్ ముట్టుకోవద్దు. చేతులు ఒళ్లో పెట్టుకుని వినండి. ముట్టుకునే టైం వస్తుంది. అప్పుడు మీరే ముట్టుకుంటారు, నేను ముట్టుకోను.

మీలో సంఘం పుస్తకాలు రాసేవాళ్లు ఎందరున్నారు? సగానికి పైనే ఉన్నట్టున్నారు. అట్లయితే కాపీ చేయడమంటే ఏందో మీకు నాకంటే బాగా తెలుసు. మీటింగు పెట్టిన ప్రతిసారీ తీర్మానాల పుస్తకంలో మొదటి నాలుగు వరుసలు అవే కదా. ఫలానా తేదీన, ఫలానా సంఘం సభ్యులం, ఫలానా వారి ఇంటి దగ్గర కూర్చుని... కింద పది పన్నెండు మంది పేర్లు. పోయిన నెల పేజీ తిరగేసి, చూసి, మళ్లీ రాస్తారు. లోన్ కోసం బ్యాంకుకు పోతే అవే పేర్లు ఇంకో కాగితం మీద. ఏళ్ల తరబడి అవే పేర్లు, అదే చేయి. రాసీ రాసీ వేళ్లు గుంజుతాయి. చూసి రాసేటప్పుడు ఒక పేరు జారిపోతుంది. ఖాతా నంబరులో ఒక అంకె అటుదిటు అవుతుంది. ఆ ఒక్క అంకె కోసం కూలి పోగొట్టుకుని బస్సెక్కి బ్యాంకుకు మళ్లీ రావాలి.

ఒకసారి సరిగ్గా రాసుకున్నదాన్ని మళ్లీ చేత్తో రాయకుండా, అక్షరం పొల్లు పోకుండా కావాల్సిన చోటికి తెచ్చుకోవడమే కాపీ పేస్ట్. ఇవాళ ఈ ఒక్కటే చెప్తాను. ఇది వస్తే కంప్యూటర్ మీద మీకు సగం భయం పోతుంది.

నేను నేర్పడం మొదలుపెట్టిన కొత్తల్లో ఈ పాఠం రెండు నిమిషాల్లో చెప్పేసేదాన్ని. సెలెక్ట్ చేయండి, కంట్రోల్ సి కొట్టండి, కంట్రోల్ వి కొట్టండి, అయిపోయింది. అందరూ తలూపేవాళ్లు. మర్నాడు అడిగితే ఒక్కరికీ వచ్చేది కాదు. మళ్లీ అదే చెప్పేదాన్ని, కొంచెం గట్టిగా. ఒకనాడు మునుగోడు దిక్కు నుంచి వచ్చిన ఒక అక్క నన్ను ఆపింది. వయసు యాభై దాటి ఉంటుంది. సంఘం లెక్కలన్నీ నోటితోనే చెప్పగలిగే మనిషి.

"మేడం, కాపీ కొట్టిన. ఏమన్న అయిందా?"

"అయింది అక్కా."

"ఏమైంది?"

"కాపీ అయింది."

"ఏడున్నది మరి?"

నాకు జవాబు తోచలేదు. ఎందుకంటే ఆమె అడిగింది నూటికి నూరుపాళ్లు నిజం. తెర మీద ఏమీ మారలేదు. పొయ్యి అంటిస్తే మంట కనపడుతుంది. మోటార్ స్విచ్ వేస్తే చప్పుడొస్తుంది. ఆఖరికి కంప్యూటర్ మీద 'అ' నొక్కినా 'అ' పడుతుంది. కాపీ ఒక్కటే సప్పుడు లేకుండా జరిగిపోతుంది. నొక్కినా అంతే, నొక్కకపోయినా అంతే అన్నట్టుంటుంది. అందుకే కొత్తవాళ్లు ఏమీ కాలేదనుకుని మళ్లీ నొక్కుతారు. ఇంకో బటన్ నొక్కుతారు. అక్కడే పని చెడిపోతుంది. అది వాళ్లకు చదువు రాకపోవడం వల్లనో, వయసు వల్లనో కాదు. కనపడని పని ఒకటి జరిగిందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ అక్క అడిగిన తర్వాత నేను పాఠం చెప్పే పద్ధతే మార్చుకున్నాను.

ఇప్పుడు మీకు ఆ చోటు సంగతి చెప్తాను. కంప్యూటర్ లోపల కంటికి కనపడని ఒక చోటుంది. కాపీ అనగానే మీరు ఎంచుకున్నదాని నకలు అక్కడ పోయి కూర్చుంటుంది. అసలుది ఉన్నచోటే ఉంటుంది. పేస్ట్ అనగానే ఆ నకలు మీరు చూపించిన చోట పడుతుంది. ఆ చోటు పేరు క్లిప్‌బోర్డు. ఇదంతా ఆ రోజు బోర్డు మీద బొమ్మ గీసి చెప్తుంటే, రెండో వరుసలో ఒక పెద్దమ్మ "అంటే కొంగుకు ముడేసుకున్నట్టు" అన్నది. అంతకంటే మంచి మాట నాకు ఇప్పటిదాకా ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ముడేసుకున్నాక పైకి ఏమీ కనపడదు. కానీ ఉన్నదని మీకు తెలుసు. కావాల్సినచోట విప్పుతారు.

అయితే ఈ కొంగుకూ మన కొంగుకూ తేడా ఉంది. మన కొంగున పది రూపాయలు కట్టుకుని, విప్పి ఇచ్చేస్తే అయిపోయింది. ఇక్కడ అట్లా కాదు. ఒకసారి ముడేసుకుంటే ఎన్నిసార్లయినా విప్పుకోవచ్చు. పేస్ట్ ఒకసారి కొట్టినా, యాభైసార్లు కొట్టినా లోపలిది లోపలే ఉంటుంది. ఇంకో తేడా, ఇందులో ఒక్కటే పడుతుంది. పేరు కాపీ చేసి, అది పేస్ట్ చేయకముందే ఖాతా నంబరు కాపీ చేస్తే, పేరు పోతుంది, నంబరు ఉంటుంది. "నేను పేరు కాపీ చేస్తే నంబరు వచ్చింది, కంప్యూటర్ ఖరాబైంది" అని నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమందికి జరిగింది ఇదే. ఒకటి తీసుకోండి, పెట్టండి. తర్వాత ఇంకొకటి తీసుకోండి. కంప్యూటర్ బంద్ చేస్తే ఆ ముడి కూడా పోతుంది. నిన్న కాపీ చేసింది ఇవాళ ఉంటుందని నమ్ముకోవద్దు.

కట్ అనేది ఇంకో పని. కాపీలో అసలుది ఉన్నచోటే ఉంటుంది, కట్‌లో అసలుదే లేచి కొంగులోకి పోతుంది. అందుకే కట్ చేసిన వెంటనే పేస్ట్ చేయాలి. మధ్యలో ఫోన్ మాట్లాడి, ఇంకేదో కాపీ చేస్తే ఆ కట్ చేసింది గల్లంతవుతుంది. మొదటి పది రోజులు మీరు కట్ జోలికి పోకండి. కాపీ చేసి పేస్ట్ చేయండి. కొత్తచోట సరిగ్గా పడిందని చూసుకున్నాకే పాతదాన్ని తీసేయండి. ఒక అడుగు ఎక్కువైనా పర్వాలేదు.

ఈ మాటలు ఎక్కడివో కూడా చెప్తాను. కట్, పేస్ట్ అనేవి కంప్యూటర్‌తో పుట్టినవి కావు. కత్తెర, గమ్ము ఉన్నచోట పుట్టినవి. 2001లో నేను ఇక్కడ క్లాక్ టవర్ దగ్గర ఒక డీటీపీ షాపులో, అంటే కంప్యూటర్ మీద టైపు చేసి అచ్చుకు తయారుచేసే షాపులో, పనికి చేరాను. అప్పుడు ఆ కత్తెర పని నా చేతులతోనే చేశాను. కంపోజ్ చేసింది ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసి, ముక్కలుగా కత్తిరించి, పేజీ సైజు కాగితం మీద అతికించేవాళ్లం. దాన్ని పేస్టింగ్ అనేవాళ్లం. ఒక్క వరుసలో తప్పు దొర్లితే ఆ వరుసొక్కటే మళ్లీ ప్రింటు తీసి, దారమంత సన్నగా కోసి, పాత వరుస మీద వంకర పోకుండా కూర్చోబెట్టాలి. ఎండాకాలంలో కూడా ఫ్యాన్ బంద్ చేసుకునే చేయాలి. లేకుంటే ఆ వరుస ఎగిరి బల్ల కింద పడుతుంది, వెతుక్కోవాలి. ఆ పని చేసిన చేతులకు కంట్రోల్ ఎక్స్, కంట్రోల్ వి ఎంత సుఖమో మాటల్లో చెప్పలేను.

ఆ కత్తెర, గమ్ము పనిని ఇవాళ మనం వాడుతున్న పద్ధతిలో తెర మీదికి తెచ్చినవాళ్లలో లారీ టెస్లర్ అనే ఆయన పేరు ముందు చెప్పుకోవాలి. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ కంపెనీకి ఒక పరిశోధన కేంద్రం ఉండేది. జిరాక్స్ అంటే మనకు కాగితానికి నకలు తీయడం. ఏ ఆఫీసు ముందు చూసినా ఆ బోర్డులే. అది నిజానికి ఆ మిషన్లు చేసిన కంపెనీ పేరు. కాగితానికి నకలు తీసే మిషన్ చేసిన కంపెనీలోనే తెర మీది కాపీ పేస్ట్ కూడా రూపం దిద్దుకుంది. 1970ల మధ్యలో టెస్లర్, టిమ్ మాట్ అనే ఇంకొకాయనతో కలిసి జిప్సీ అనే ప్రోగ్రాం చేశాడు. అది పాఠ్యపుస్తకాలు వేసే సంస్థలో పనిచేసే సంపాదకుల కోసం చేసింది. వాళ్లూ అప్పటిదాకా కాగితాలు కత్తిరించి అతికించుకుంటున్నవాళ్లే.

దాన్ని ఆయన ఎట్లా చేశాడన్నది నాకు బాగా నచ్చుతుంది. ఆఫీసులో కొత్తగా చేరిన ఒక సెక్రటరీని పిలిచి, ఖాళీ తెర ముందు కూర్చోబెట్టాడు. ఇక్కడ ఒక పేజీ ఉందనుకో, ఇందులో ఈ మాట తీసేయాలంటే ఏం చేస్తావు, ఇక్కడ ఇంకో మాట పెట్టాలంటే ఏం చేస్తావు అని అడిగాడు. ఆమెకు ఆ యంత్రం సంగతి తెలియదు. అయినా ఇక్కడ చూపిస్తాను, ఇట్లా తీసేస్తాను అని తనకు తోచినట్టు చెప్పింది. ఆయన రాసుకున్నాడు. తెలియని మనిషికి ఏది సహజంగా తోస్తుందో యంత్రం అట్లా నడవాలి అన్నది ఆయన పట్టుదల. మా మునుగోడు అక్క "ఏడున్నది మరి" అని అడిగినప్పుడు ఆయన అక్కడుంటే, ఆ మాట కూడా రాసుకునేవాడని నాకు గట్టి నమ్మకం. 1980లో ఆయన ఆపిల్ కంపెనీకి మారాడు. ఎక్స్, సి, వి, జెడ్ అనే నాలుగు మీటల పద్ధతి 1983, 84లో వచ్చిన ఆపిల్ కంప్యూటర్లతో స్థిరపడింది. తర్వాత విండోస్‌లోకి కూడా వచ్చింది. ఆయన 2020 ఫిబ్రవరిలో చనిపోయాడు.

ఇప్పుడు కీబోర్డు చూడండి. ముట్టకుండా చూడండి. కింది వరుసలో ఎడమ పక్క జెడ్, ఎక్స్, సి, వి. నాలుగూ పక్కపక్కనే ఉన్నాయి. ఎక్స్ అంటే తెరిచిన కత్తెర, అది కట్. సి అంటే కాపీ. వి పేస్ట్. పుస్తకం దిద్దేటప్పుడు రెండు మాటల మధ్య ఇంకో మాట చేర్చాలంటే కొసగా ఒక గుర్తు పెడతాం కదా, దాన్ని తలకిందులు చేస్తే వి. ఇక జెడ్. అన్నిటికంటే ముఖ్యమైనది అదే. దాని దగ్గరికి వస్తాను.

అసలు కష్టం కాపీలో లేదు, పేస్ట్‌లో లేదు. ఎంచుకోవడంలో ఉంది. సెలెక్ట్ చేయడం అంటాం. మౌస్ ఎడమ బటన్ నొక్కిపెట్టి, మాట మొదలు నుంచి చివరిదాకా గుంజితే, ఆ మాట వెనక నీలం రంగు, కొన్ని మిషన్లలో బూడిద రంగు, పడుతుంది. చూస్తే చిన్న పని. నాట్లు వేసి, పత్తి ఏరి, బీడీలు చుట్టి బిగుసుకుపోయిన వేళ్లకు అది చిన్న పని కాదు. చేయి వణుకుతుంది, బటన్ జారుతుంది, నీలం రంగు పై వరుసకు ఎక్కుతుంది. దానికి సిగ్గుపడాల్సిన పని లేదు, వేరే దారులున్నాయి. ఒక్క మాటే కావాలంటే దాని మీద బాణం పెట్టి టకటకా రెండుసార్లు నొక్కండి. మాట మొత్తం నీలమవుతుంది. మనం టైపు చేసే వర్డ్ ప్రోగ్రాంలో మూడుసార్లు నొక్కితే పేరా మొత్తం వస్తుంది. పెద్ద ముక్క కావాలంటే, మొదట్లో ఒకసారి క్లిక్ చేసి, షిఫ్ట్ నొక్కిపట్టుకుని, చివర ఒకసారి క్లిక్ చేయండి. మధ్యలో ఉన్నదంతా వచ్చేస్తుంది, గుంజే పనే లేదు. మౌస్ అసలే వద్దనుకుంటే షిఫ్ట్ పట్టుకుని బాణం మీటలతో ఒక్కో అక్షరం జరుపుకుంటూ పోవచ్చు. అది నిదానమే గానీ చేయి వణికేవాళ్లకు అదే నమ్మకం. మొత్తం కావాలంటే కంట్రోల్ ఎ.

నీలం పడిందా లేదా అని చూసుకున్నాకే కాపీ. నీలం లేకుండా కాపీ కొడితే లోపలికి ఏమీ పోదు. అంతకుముందు ఉన్నదే ఉంటుంది. తర్వాత పేస్ట్ చేస్తే ఆ పాతదే పడుతుంది.

ఇక నొక్కే పద్ధతి. కంట్రోల్, సి రెండూ ఒకేసారి నొక్కాలని చాలామంది అనుకుంటారు. అట్లా కాదు. ఎడమ చేతి చిటికెన వేలుతో కంట్రోల్ నొక్కి, పట్టుకుని ఉండాలి. కడవకు కింద చేయి పెట్టి పట్టుకున్నట్టు, వదలొద్దు. అట్లా పట్టుకుని సి మీద ఒక్కసారి తట్టి తీయాలి. తర్వాత కంట్రోల్ వదలాలి. ఈ క్రమం తప్పితే ఏమవుతుందో మొన్నటి బ్యాచిలో కళ్ల ముందే జరిగింది.

చిట్యాల దగ్గరి నుంచి ఒక చెల్లె వస్తుంది. గంటన్నర కూర్చుని, వెతుక్కుంటూ వెతుక్కుంటూ, వాళ్ల సంఘం అప్పు దరఖాస్తు మొత్తం తెలుగులో టైపు చేసింది. జీవితంలో మొదటిసారి ఒక పేజీ నిండా తనే టైపు చేసింది. నకలు తీసి పెట్టుకుందామని కంట్రోల్ ఎ కొట్టింది. పేజీ అంతా నీలమైంది. తర్వాత సి కొట్టింది, కానీ కంట్రోల్ మీద వేలు అప్పటికే లేచిపోయింది. పేజీ మొత్తం మాయమైంది. తెల్లటి పేజీ, పైన మూలన ఒకే ఒక్క అక్షరం. నీలం మీద ఏ అక్షరం నొక్కినా, ఆ నీలమంతా పోయి ఆ అక్షరం వచ్చి కూర్చుంటుంది. ఆ చెల్లె కుర్చీ వెనక్కి నెట్టి, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. "పోయింది మేడం, అంత పోయింది." కళ్లల్లో నీళ్లు.

నేను పరుగెత్తి మౌస్ తీసుకోవచ్చు. తీసుకోలేదు. పక్కన నిలబడి, "ఏమీ ముట్టుకోకు. కంట్రోల్ పట్టుకో. పట్టుకున్నవా? ఇప్పుడు జెడ్ తట్టు" అన్నాను. తట్టింది. పేజీ మొత్తం, ఎట్లా పోయిందో అట్లా తిరిగొచ్చింది. ఆ చెల్లె మళ్లీ తనంతట తనే సి కొట్టి పోగొట్టుకుని, జెడ్ కొట్టి తెచ్చుకుని, నాలుగుసార్లు చేసి చూసుకుంది. ఆ తర్వాత ఆ పిల్ల కంప్యూటర్ ముందు కూర్చునే తీరే వేరు.

జిరాక్స్ కేంద్రంలో కూడా ఇటువంటిదే ఒక సంగతి చెప్పుకునేవాళ్లు. అక్కడ అంతకుముందు బ్రావో అని ఒక ప్రోగ్రాం ఉండేది. అందులో ఒక్కో అక్షరం ఒక్కో ఆజ్ఞ. ఎవరైనా మరిచిపోయి ఎడిట్ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు టైపు చేస్తే, మొదటి అక్షరానికి మొత్తం ఎంచుకునేది, రెండోదానికి చెరిపేసేది, మూడోదానికి రాసుకో అని సిద్ధమయ్యేది, నాలుగో అక్షరం టి ఒక్కటి ఖాళీ పేజీలో మిగిలేది. అంత చదువుకున్నవాళ్లకూ అదే జరిగింది. అట్లా జరగకుండా చూడాలనే టెస్లర్ కష్టపడ్డాడు. కాబట్టి ఎప్పుడన్నా మీ పేజీ మాయమైతే మీ తెలివిని అనుమానించకండి. చేయి ఆపండి, కంట్రోల్ జెడ్ తట్టండి. ఒక్కటే జాగ్రత్త: పోయిందని కంగారుపడి ఆ పేజీని మూసేయొద్దు. మూశాక జెడ్ ఏమీ చేయలేదు.

పేస్ట్ చేసేటప్పుడు ఒక చిన్న సంగతి. మీరు చూస్తున్నచోట పడదు. మౌస్ బాణం ఉన్నచోట కూడా పడదు. సన్నని నిలువు గీత ఒకటి మిణుకుమిణుకుమంటుంది చూడండి, అది ఉన్నచోట పడుతుంది. ఖాతా నంబరు గడిలో పెట్టాలంటే ముందు ఆ గడిలో ఒకసారి క్లిక్ చేయాలి. గీత అక్కడికి వచ్చిందని చూడాలి. తర్వాత కంట్రోల్ పట్టుకుని వి.

ఇది మీకు ఎక్కువగా అక్కరకు వచ్చేది నంబర్ల దగ్గరే. బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఉంది కదా, అందులో పదకొండు ఉంటాయి. మొదటి నాలుగూ ఇంగ్లీషు అక్షరాలు, ఐదోది ఎప్పుడైనా సున్నా. చూసి రాసేవాళ్లు ఆ సున్నాను ఇంగ్లీషు ఓ అనుకుని కొడతారు, డబ్బులు పడవు. కాపీ చేస్తే ఆ గొడవే లేదు. ఆధార్‌లో పన్నెండు అంకెలు, నాలుగు నాలుగుగా మధ్యలో ఖాళీ వదిలి ఉంటాయి. ఆ ఖాళీలతో సహా కాపీ చేసి పెడితే, పన్నెండుకు మించి పట్టని గడిలో చివరి రెండు అంకెలు బయటే ఉండిపోతాయి. అట్లాగే నంబరు చివర కనపడని ఖాళీ ఒకటి అంటుకుని వస్తుంది. నంబరు సరిగ్గానే ఉంది, కానీ తప్పు అని ఎర్రగా చూపిస్తుంటే, చివర క్లిక్ చేసి ఒకసారి బ్యాక్‌స్పేస్ కొట్టి చూడండి. కొన్ని ఫారాల్లో ఖాతా నంబరు రెండోసారి అడిగేచోట పేస్ట్ కానివ్వరు. అది చెడిపోయి కాదు. మొదటిది తప్పుంటే రెండోసారి చేత్తో కొట్టినప్పుడు దొరకాలని అట్లా పెట్టారు. అక్కడ చూసుకుని ఓపిగ్గా కొట్టండి.

తెలుగు సంగతి ఒకటి తప్పకుండా చెప్పాలి. మీ ఊరి డీటీపీ షాపులో చేయించిన పాత తెలుగు ఫైలు ఉంటుంది. అందులోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి పిచ్చి గుర్తులు వస్తాయి. వైరస్ వచ్చిందని భయపడతారు. కాదు. పాత డీటీపీ ఫాంట్లలో కంప్యూటర్ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల నంబర్లే, వాటి మీద తెలుగు బొమ్మలు తొడిగారు. ఆ ఫాంటు ఉన్నంతసేపూ తెలుగులా కనపడతాయి. ఇంకోచోటికి పోగానే ఆ తొడుగు ఊడిపోతుంది, లోపలివి బయటపడతాయి. యూనికోడ్ అనే పద్ధతిలో అట్లా కాదు. అందులో క అంటే లోకమంతా ఒకటే నంబరు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. మీ ఫోన్‌లో కొట్టే తెలుగు అదే. అందుకే ఇకమీద ఏది టైపు చేయించుకున్నా, యూనికోడ్‌లో చేయమని షాపువాళ్లను అడగండి. సంఘం తీర్మానాలు పదేళ్ల తర్వాత కూడా ఎవరన్నా కాపీ చేసుకుని చదువుకోగలగాలి కదా. అడగడం మీ హక్కు.

ఇప్పుడు నా చేతిలో జరిగిన ఒక పొరపాటు చెప్తాను. ఇది చెప్పకుండా నేను ఈ పాఠం ఎప్పుడూ ముగించను.

డీటీపీ షాపులో పెళ్లి పత్రికలు ఎవరూ మొదటి నుంచి కొట్టరు. పాత పత్రిక ఫైలు తెరిచి, పేర్లు మార్చి, కొత్త పేరు పెట్టుకుంటారు. నేనూ అదే చేసేదాన్ని. ముహూర్తాల రోజులు, ముందు మనుషులు నిలబడి ఉన్నారు. పెళ్లికూతురు పేరు ఐదుచోట్ల వస్తుంది. నాలుగుచోట్ల మార్చాను. లోపలి పేజీలో, బంధువుల పేర్ల పైన చిన్న అక్షరాల్లో ఒకచోట, అంతకుముందు పెళ్లి అయిన అమ్మాయి పేరు ఉండిపోయింది. మూడువందల పత్రికలు అచ్చయ్యాయి. పసుపు పెట్టడానికి కూర్చున్నప్పుడు ఇంట్లో ఎవరో చూశారు. ఆ నాన్న మర్నాడు పొద్దున్నే ఒక పత్రిక పట్టుకుని వచ్చాడు. తిట్టలేదు. కౌంటరు మీద పత్రిక పరిచి, ఆ పేరు మీద వేలు పెట్టి, "ఇది మా బిడ్డ పేరు కాదమ్మా" అన్నాడు. అంతే అన్నాడు. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. పత్రికలు మళ్లీ వేయించి ఇచ్చాం. కానీ ఒక ఇంట్లో శుభకార్యం ముందు నా వల్ల ఆ దిగులు కలిగింది.

అప్పట్నుంచి నేను పాత ఫైలు వాడితే ఒక పని తప్పకుండా చేస్తాను. మీరూ చేయండి. కంట్రోల్ ఎఫ్ కొడితే వెతికే గడి వస్తుంది. అందులో పాత పేరు పెట్టండి. ఎన్నిచోట్ల మిగిలిందో అదే చూపిస్తుంది. ఏమీ దొరకలేదు అనేదాకా మార్చండి. పోయిన నెల తీర్మానాన్ని కాపీ చేసి ఈ నెలకు వాడుకుంటారు కదా, పాత తేదీ వెతకండి, పాత అప్పు మొత్తం వెతకండి, పోయినసారి అధ్యక్షత వహించినామె పేరు వెతకండి. తర్వాత ప్రింటు తీసి, ఇంకొకరికిచ్చి గట్టిగా చదవమనండి. మనం రాసింది మన కళ్లు దాటేస్తాయి. ఇంకొకరి నోరు దాటెయ్యదు.

ఫోన్ గురించి ఎక్కువ చెప్పను, మీలో చాలామందికి వచ్చు. మాట మీద వేలు కాసేపు అదిమి పెడితే రెండు పక్కలా చుక్కల్లాంటివి వస్తాయి, వాటిని జరుపుకుంటే ఎంచుకున్నట్టు. అక్కడా ఇదే కొంగు, ఇదే ముడి.

నెట్ సెంటర్లో మాత్రం జాగ్రత్త. 2018 నుంచి విండోస్‌లో ఇంకో సదుపాయం వచ్చింది. విండోస్ మీట పట్టుకుని వి కొడితే, ఇంతకుముందు కాపీ చేసినవి ఇరవై ఐదు దాకా వరుసగా చూపిస్తుంది. మొదట అది ఆన్ చేసుకోవాలి. మీ ఇంట్లోదైతే ఎంతో సుఖం. నేను రోజూ వాడతాను. నలుగురు కూర్చునే మిషన్లో అది ఆన్‌లో ఉంటే మాత్రం, మీరు కాపీ చేసిన ఆధార్, ఖాతా నంబరు, పాస్‌వర్డ్ తర్వాత కూర్చున్నవాళ్లకు కనపడతాయి. లేచేముందు విండోస్ వి కొట్టి, అన్నీ తుడిచేసే బటన్ అక్కడే ఉంటుంది, తుడిచేసి లేవండి. ఆ వరుస ఆన్‌లో లేకపోతే, అక్కరలేని మాట ఏదన్నా ఒకటి కాపీ చేయండి. పాతది దానంతటదే పోతుంది. పాస్‌వర్డ్ మాత్రం బయటి మిషన్లో అసలే కాపీ చేయొద్దు, చేత్తో కొట్టండి.

సరే, ఇక మౌస్ మీద చేయి పెట్టండి. వర్డ్ తెరిచే ఉంది. మీ సంఘం పేరు ఒక్కసారి టైపు చేయండి. తొందరేం లేదు. అక్షరం దొరక్కపోతే అడగండి. అయ్యాక దాన్ని ఎంచుకోండి, నీలం పడిందని చూడండి, కాపీ కొట్టండి. ఇప్పుడు తెర మీద ఏమీ కాదు. కాదు అని మీకు తెలుసు. పక్కనామెకు చెప్పండి, ఏడున్నదో. తర్వాత ఎంటర్ కొట్టి కింది వరుసకు వచ్చి, పదిసార్లు పేస్ట్ చేయండి, ఒక్కోటి ఒక్కో వరుసలో. పదీ పడ్డాక, మొత్తం ఎంచుకుని, కావాలనే ఒక అక్షరం కొట్టి అంతా పోగొట్టండి. భయపడకుండా పోగొట్టండి. తర్వాత కంట్రోల్ జెడ్‌తో మీరే తెచ్చుకోండి.

మిషన్ దొరకనివాళ్లు ముందున్నవాళ్ల వెనక నిలబడండి. పావుగంటకు మీ వంతు వస్తుంది. వాళ్లకు తోచకపోతే నోటితో చెప్పండి. చేత్తో మాత్రం మౌస్ తీసుకోకండి.